చేతి గుర్తులు ఎవరివి

“పిచ్చాళ్ళనే దారిలో పెట్టొచ్చేదానివి, మొగుణ్ణి పెట్టుకోలేవుటే?” అంటుంది మా అత్తగారు. ఇంటికెవరొచ్చినా ఈ జోకు వాళ్ళకి వినిపించాల్సిందే. వచ్చినవాళ్ళు నవ్వుతారు. మా ఆయన అందరికన్నా గట్టిగా నవ్వుతాడు. నేను ఖాళీ కప్పులు ఎత్తుకుని వంటింట్లోకి పోతాను. ఆ టీ సంగతి కూడా చెప్పాలి. పొయ్యి మీంచి దించిన టీ నేను ఆయన చేతికి వెంటనే ఇవ్వను. ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి నాలుగుసార్లు మార్చి, వేడి చచ్చాక ఇస్తాను. “చల్లారిన టీ మొహాన కొడతావేంటి, ఎంత బద్ధకమో నీకు” అంటాడు. బద్ధకమే అనుకోనీ. కప్పు విసిరితే నా ఒంటి మీద బొబ్బలెక్కకూడదని అలా ఇస్తున్నానని చెప్తే, ఆ కప్పు ఆ క్షణమే గాల్లోకి లేస్తుంది.

నేను మానసిక ఆస్పత్రిలో నర్సుని, మగవాళ్ళ వార్డులో. ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు మందులకన్నా ముందు నిలబడటం నేర్పారు. పేషెంటుకి సూటిగా ఎదురుగా నిలబడకూడదు, కాస్త పక్కకి తిరగాలి. చెయ్యి చాపితే అందనంత దూరంలో ఉండాలి. తలుపుకీ మనకీ మధ్య అతను రాకుండా చూసుకోవాలి. జడ వేలాడనివ్వకుండా ముడి వేసుకోవాలి, మెడలో ఏదీ ఉంచుకోకూడదు. గొంతు పెంచకూడదు. ‘ఎందుకు’ అని అడగకూడదు. ‘శాంతించండి’ అని చచ్చినా అనకూడదు, ఆ మాట విని శాంతించిన మనిషి ఇంతవరకూ భూమ్మీద పుట్టలేదు. దవడ బిగుసుకోవడం, ఊపిరి మారడం, చేతిలో వస్తువుని చప్పుడయ్యేలా కింద పెట్టడం, ఇవన్నీ కోపం పైకి రాకముందే కనిపెట్టాలి. నాకు ఇట్టే వచ్చేశాయి. మిగతావాళ్ళు తప్పులు చేసి చీవాట్లు తింటుంటే, శిక్షణ ఇచ్చే ఆవిడ నన్ను చూపించి “ఈ అమ్మాయికి ఇది పుట్టుకతోనే వచ్చింది” అని మెచ్చుకుంది. పుట్టుకతో కాదు తల్లీ, పెళ్ళితో వచ్చింది. అప్పటికి నాకు పెళ్ళై ఏడాది దాటింది.

ఆ మెప్పు నా మెడకి చుట్టుకుంది. వార్డులో ఎవరు గొంతు పెంచినా “సిస్టర్‌ని పిలవండి” అంటారు. సిస్టర్ అంటే నేనే. మా అటెండరుకి పహిల్వాన్ అని పేరు. తలుపంత మనిషి, కానీ పేషెంటు ఒక్క కేక వేస్తే ముందు నా వెనక చేరతాడు. “మీ నోట్లో ఏదో మహిమ ఉంది సిస్టర్” అంటాడు పెద్ద డాక్టరు. మహిమా లేదు, మట్టీ లేదు. ఎదుటి మనిషి ఊపిరిని లెక్కపెట్టుకుంటూ నా ఊపిరి బిగబట్టుకోవడమే ఆ మహిమ. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. వార్డులో ఎవరినీ ఒంటరిగా లోపలికి పంపరు, ఇద్దరు వెళ్ళాలి. గొడవ సద్దుమణిగాక అందరూ ఒకచోట కూర్చుని “నీకేమైనా దెబ్బ తగిలిందా?” అని అడుగుతారు. ఇంట్లో నా పక్కన నిలబడే రెండో మనిషి లేదు. అడిగే మనిషీ లేదు.

ఉంది, మా పాప ఉంది. దాన్ని లెక్కలోకి తీసుకోవాల్సి రావడమే నా ఏడుపు. వాళ్ళ నాన్న స్కూటరు స్టాండు వేసే చప్పుడు వినే అది చెప్పేస్తుంది. “అమ్మా, ఇవాళ గట్టిగా వేశారు” అని పుస్తకాలు సర్దుకుని టీవీ కట్టేస్తుంది. అన్నానికి కూర్చుంటే ఎప్పుడూ గుమ్మం పక్క కుర్చీయే కావాలంటుంది. అక్కడ గాలి రాదే అంటే వినదు. అది నా దగ్గర నేర్చుకుంటోందని నాకు చాలాకాలం తట్టనే లేదు. పాఠం చెప్పకుండానే నేర్పేశాను.

మా ఆయన కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరు దగ్గర పని చేస్తాడు. జనం వచ్చి అమ్మనీ ఆలినీ కలిపి తిడతారు. ఈయన చిరునవ్వు చెరగనివ్వడు. “అర్థమైందండీ, మీ బాధ నాకు అర్థమైందండీ” అంటాడు. ఓర్పుకి ఆయన్ని చూసి నేర్చుకోవాలని పై ఆఫీసరు అందరి ముందూ అన్నాడట, ఆ రోజు ఇంటికొచ్చి చెప్పుకుని మురిసిపోయాడు. ఇంట్లో పులి వీధిలో పిల్లి అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. కాకపోతే ఈ పిల్లికి తను ఎక్కడ పిల్లిగా ఉండాలో, ఎక్కడ పులిగా మారాలో బాగా తెలుసు.

మొన్న ఆదివారం పొద్దున హెడ్ సిస్టర్ ఫోన్ చేసింది. వార్డులో మనిషి లేదు, ఒక్క పూట రాగలవా అంది. వస్తానన్నాను. ఫోన్ పెట్టేసరికి మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. గ్లాసు బల్ల మీద టక్కుమంది. గొంతు తగ్గింది. ఆయన గొంతు పెరిగితే భయం లేదు, తగ్గితేనే భయం.

“ఆదివారం కూడా ఆ మగాళ్ళ సేవేనా?” అన్నాడు.

అప్పుడు చేశాను ఆ పొరపాటు. నా పనిలో ఉన్నవాళ్ళకి తప్ప ఇంకెవరికీ సాధ్యం కాదది. ఒక అడుగు వెనక్కి వేసి, పక్కకి తిరిగి, రెండు చేతులూ కనిపించేలా పెట్టుకుని, వార్డు గొంతుతో “మీరు చాలా కోపంగా ఉన్నట్టున్నారు. కాసేపు కూర్చుని మాట్లాడుకుందామా?” అన్నాను. అనుకుని అనలేదు. అలవాటుకొద్దీ నోట్లోంచి వచ్చేసింది.

“నేను నీ పేషెంటునటే?” అని లేచాడు. వెళ్ళి తలుపు వేసి వచ్చాడు. నా మోచేతి కింద పట్టుకుని మెలితిప్పి గోడకి నొక్కాడు. మొహం మీద ఎప్పుడూ కొట్టడు, తెలివిగలవాడు. వదిలేసరికి నా చేతి మీద ఆయన అయిదు వేళ్ళూ అచ్చు పడ్డాయి. కాసేపు వాటినే చూసి, దారి తెలియని వాడికి దారి చెప్పినంత మామూలుగా అన్నాడు. “రేపెవరైనా అడిగితే వార్డులో ఎవడో పట్టుకున్నాడని చెప్పు. అక్కడ మామూలేగా.”

మా అత్తగారు నొప్పుల మందు తెచ్చి రాసింది. “వాడి కోపం తెలిసి కూడా నోరెందుకు చేసుకున్నావే, కాస్త కనిపెట్టుకుని మసలాలి గానీ” అంది. మామగారు పోయి ఇన్నేళ్ళయినా వీధి గుమ్మంలో అడుగుల చప్పుడైతే ఆవిడ ఇప్పటికీ పమిట సర్దుకుని లేచి నిలబడుతుంది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. పాప గదిలోకి వెళ్ళి చూస్తే అది మంచం మీద బూట్లు వేసుకుని కూర్చుంది. ఆదివారం పూట బూట్లెందుకే అన్నాను. “ఊరికే” అంది. లేసులు కూడా ముడి వేసుకుంది.

ఆదివారం ఆ పూట డ్యూటీ చేసి వచ్చేదాకా లేత ఎరుపుగానే ఉన్న గుర్తులు తెల్లారేసరికి నల్లబడ్డాయి. మా యూనిఫారం పొట్టి చేతులది. సోమవారం పొద్దున డ్యూటీ మారే వేళకి హెడ్ సిస్టర్ నా చెయ్యి పట్టుకుని వెలుగులోకి లాగింది. “ఇదేంటే? నిన్న వార్డులో జరిగిందా? మాస్టారేనా?” అంది.

మాస్టారంటే మా వార్డులో ఉండే లెక్కల మాస్టారు. రిటైరయ్యాక ఆయనకి గొంతులు వినిపించడం మొదలైంది. గోడలు తనని తిడుతున్నాయని గోడల మీద చెప్పులు విసిరేవాడు. ఇప్పుడు మందులకి నిలదొక్కుకున్నాడు. రెండు రోజుల కిందట మాత్రం అన్నం పళ్ళెం గోడకేసి కొట్టాడు. అందుకే అందరి చూపూ ఆయన మీదికి పోయింది. ఆయనకో చెల్లెలు ఉంది, బట్టలు కుడుతుంది. ఇంట్లో ఒక గది ఖాళీ చేసి, కిటికీకి పరదాలు కుట్టి, అన్నయ్యని తీసుకెళ్తానని కాళ్ళరిగేలా తిరుగుతోంది. బుధవారం మీటింగులో డాక్టరు ఊఁ అంటే ఆయన ఇంటికి వెళ్తాడు. సిబ్బంది మీద చెయ్యి చేసుకున్నాడంటే వెనక ఉన్న తాళాల బ్లాకుకి వెళ్తాడు. అక్కడికి వెళ్ళినవాళ్ళు ఇంటికి రావడం నేను పెద్దగా చూడలేదు.

ఇదంతా తెలిసీ నేను ‘కాదు’ అనలేదు. ‘అవును’ అనీ అనలేదు. “దీన్ని పెద్దది చెయ్యకండి” అన్నాను. “నీకు మరీ జాలెక్కువ” అంది హెడ్ సిస్టర్. అంతే, నా మాట అవునైపోయింది. మధ్యాహ్నానికల్లా వార్డంతా పాకిపోయింది. పహిల్వాన్ అయితే “నా కళ్ళారా చూశాను, నేనే విడిపించాను, లేకపోతే చెయ్యి విరిగేదే” అని కొత్త నర్సులకి నటించి మరీ చూపిస్తున్నాడు. పక్కనే నేనున్నానన్న సిగ్గు కూడా లేదు. ఒరే అబద్ధాలరాయుడా అని తిట్టబోయి ఆగాను. ఏ మొహం పెట్టుకుని తిట్టను?

మంగళవారం మాత్రలు పట్టుకుని మాస్టారి మంచం దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు. తన క్లాసులో తప్పు చేసిన పిల్లలు ఎలా నిలబడేవారో అలా చేతులు కట్టుకున్నాడు. నా చెయ్యి వైపు ఒకసారి చూసి తల దించేసుకున్నాడు.

“అమ్మా, అది నేనే చేశానట కదా” అన్నాడు. “ఎంత ఆలోచించినా నాకు గుర్తు రావడం లేదమ్మా. ఈ మందులకి కొన్ని గుర్తుండవు. మీరందరూ అబద్ధం చెప్పరు కదా, అయితే నేనే చేసుంటాను. నన్ను క్షమించు తల్లీ. నొప్పిగా ఉందా?”

మాత్రలు ఇచ్చాను. మింగాడు, నోరు తెరిచి చూపించాడు, మళ్ళీ చేతులు కట్టుకున్నాడు. “చెల్లెలికి చెప్పకమ్మా, భయపడుతుంది. ఇకమీదట మీరు దగ్గరికొచ్చినప్పుడల్లా చేతులు ఇలాగే పెట్టుకుంటాను” అన్నాడు. గోడలు తనని తిడుతున్నాయన్నప్పుడు అది నిజం కాదని ఆయనకి నచ్చజెప్పడానికి ఎన్ని నెలలు పట్టిందో నాకు తెలుసు. ‘మీ బుర్రకి తోచింది కాదు, మేం చెప్పింది నమ్మండి’ అని చెప్పి చెప్పి ఒప్పించాం. ఇప్పుడు నమ్మాడు. చెయ్యని పని తను చేశానని నమ్మాడు.

మందుల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చాను. పెళ్ళైన దగ్గర్నుంచి నా ఒంటి మీద దెబ్బకి ఒక మనిషి క్షమించమని అడగడం అదే మొదటిసారి. అడిగినవాడు ఆ దెబ్బ కొట్టనివాడు. నొప్పిగా ఉందా అన్న మాట కూడా ఆయన నోటనే వినాల్సొచ్చింది. నా మీద నాకు అసహ్యం వేసింది, దానికన్నా ఎక్కువగా ఒళ్ళు మండింది. మా ఆయన చేతి గుర్తులు ఆ ముసలాయన చేతులకి అంటగట్టి, నేను యూనిఫారం వేసుకుని మాత్రలు పంచుతున్నాను.

సాయంత్రం ఇంట్లో మా ఆయన అన్నం తింటూ “ఎవరైనా అడిగారా?” అన్నాడు.

“అడిగారు.”

“ఏం చెప్పావు?”

“నేనేం చెప్పలేదు. ఒక పేషెంటు చేశాడని వాళ్ళే అనుకున్నారు. పాపం, ఆయన్ని ఇంటికి పంపరేమో.”

“పిచ్చాడేగా. ఇక్కడైతేనేం, అక్కడైతేనేం” అని కూర ఇంకాస్త వెయ్యమన్నాడు. పాప గుమ్మం పక్క కుర్చీలోంచి నా వంకే చూస్తోంది. దాని కంచంలో అన్నం కదల్లేదు. నేను కూర వడ్డించాను.

బుధవారం మీటింగు పెద్ద డాక్టరు గదిలో. వరండాలో బల్ల మీద మాస్టారు, ఆయన పక్కన చెల్లెలు కూర్చున్నారు. ఆవిడ ఒళ్ళో కొత్త చొక్కా ఉన్న సంచి. నన్ను చూసి ఆవిడ ఆశగా లేచింది. అన్నయ్య ఏం చేశాడని చెప్పుకుంటున్నారో ఆవిడకింకా తెలియదు. నేను తల ఊపి లోపలికి వెళ్ళాను. హెడ్ సిస్టర్ అప్పటికే ఉంది. పహిల్వాన్ తలుపు దగ్గర నిలబడ్డాడు. డాక్టరు వాడి వైపు చూసి “నువ్వు చూశావటగా?” అంటే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుని “సిస్టర్ చెప్తారండి” అన్నాడు.

“చెప్పండి సిస్టర్. ఇంటికి పంపితే ప్రమాదం ఎంతో చూడాలి. ఆ చెల్లెలు ఒక్కతే ఉంటుంది” అన్నాడు డాక్టరు. ఈ మీటింగుల్లో అడిగే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. ఎందరి గురించో జవాబులు చెప్పాను. “ఇంతకుముందెప్పుడైనా మిమ్మల్ని కొట్టాడా?” అని ఆయన మొదటి ప్రశ్న వేశాడు. ఆ ప్రశ్న చెవిన పడగానే నా కళ్ళ ముందుకి వచ్చిన మొహం మాస్టారిది కాదు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అడిగారు కాబట్టి చెప్పాలనిపించింది.

“కొట్టాడండీ. చాలాసార్లు.”

హెడ్ సిస్టర్ ఉలిక్కిపడి “నాతో అనలేదేం?” అంది.

“ఎవరితోనూ అనలేదు.”

“కోపం వచ్చినప్పుడు ఒళ్ళు తెలుస్తుందా? చుట్టూ ఎవరున్నారో, ఏం చేస్తున్నాడో?”

“బాగా తెలుస్తుంది. ముందు తలుపు వేస్తాడు. పైకి కనపడే చోట కొట్టడు. ఈసారి కాస్త గురి తప్పింది.”

డాక్టరు తల ఎత్తి నన్ను చూశాడు. “గొంతులేమైనా వినిపిస్తున్నాయా?”

“లేదండీ. నా గొంతు వినిపిస్తేనే కోపం.”

“ఇంకెవరి మీదైనా చెయ్యి చేసుకున్నాడా?”

“ఎవరి మీదా లేదు. బయటివాళ్ళు మొహం మీదే తిట్టినా నవ్వుతాడు. నా ఒక్కదాని మీదే.”

“తర్వాత బాధపడ్డాడా?”

“లేదు. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నేర్పించాడు.”

డాక్టరు కళ్ళజోడు తీసి మొహం తుడుచుకున్నాడు. మంచివాడే, నిజంగానే కదిలిపోయాడు. “ఆయన ఇలాంటివాడని నేను కలలో కూడా అనుకోలేదు సిస్టర్” అన్నాడు. “ఇది జబ్బు కాదు. జబ్బులో ఉన్నవాడికి ఎవరిని కొట్టాలో, ఎక్కడ కొట్టాలో ఎంచుకునే తీరిక ఉండదు. తెలిసి చేస్తున్నాడు, మళ్ళీ చేస్తాడు. అలాంటివాడితో ఒక ఆడమనిషి ఒకే ఇంట్లో ఉండటం చాలా ప్రమాదం. అలాంటి ఇంట్లో పిల్లలు గానీ ఉంటే మరీను. నేను ససేమిరా ఒప్పుకోను.”

నాకు ఏడుపు రాలేదు. ఇంత పెద్ద చదువు చదివినాయన, ఇన్ని వందల మందిని చూసినాయన, నా కాపురాన్ని చూడకుండానే తీర్పు చెప్పేశాడు. నేను ఇన్నేళ్ళూ ‘మసలుకోవడం’ అనుకున్నదానికి ఆయన నోట ప్రమాదం అన్న పేరొచ్చింది. తలుపు అవతల మాస్టారు దగ్గడం వినిపించింది. నేను లేచి నిలబడ్డాను. ఈసారి పక్కకి తిరగలేదు, దూరం చూసుకోలేదు.

“నేనూ ఒప్పుకోనండీ” అన్నాను. “కానీ ఇదంతా మాస్టారి గురించి కాదు, మా ఆయన గురించి. మాస్టారి వేలు కూడా నాకెప్పుడూ తగల్లేదు. ఇవాళ ఇంటికి వెళ్ళాల్సిన మనిషి ఆయన. వెళ్ళకూడనిదాన్ని నేను.”